మాయాబజార్ పిల్లలకు మొదటిసారి చూపిస్తే ఏది చూపించాలి? రంగులదా, నలుపు తెలుపుదా?

శాకంబరి: ఇంట్లో ఏడేళ్లది ఒకర్తి, తొమ్మిదేళ్లవాడు ఒకడు. ఆదివారం మాయాబజార్ పెడదామనుకుంటున్నాం. 1957 మార్చిలో వచ్చిన అసలుది ఉంది, 2010 జనవరిలో రంగులేసి వదిలింది కూడా ఉంది. ఎస్వీఆర్, సావిత్రి ఎందులో బాగా కనిపిస్తారు?

తసమదీయుడు: రంగులదే పెట్టండి. బూడిదరంగు తెర చూడగానే ఈ కాలం పిల్లలు రిమోట్ లాక్కుంటారు. లడ్లు పచ్చగా ఉంటే నోరూరుతుంది, బూడిద లడ్డు ఎవడికి కావాలి?

ఆర్క్‌లైటు: కెమెరామన్ మార్కస్ బార్ట్లే లైటింగ్ అంతా నలుపు తెలుపు కోసం చేసింది. రంగు లేనప్పుడు మనిషి వెనక గోడకు అతుక్కుపోకుండా ఉండాలంటే జుట్టు మీద, భుజాల మీద వెనక నుంచి బ్యాక్‌లైట్ కొట్టాలి. ఆ అంచు వెలుగే బొమ్మకు లోతు. దాని మీద రంగు పూస్తే ముఖమంతా ఒకే చర్మపు ఛాయ పరుచుకుని మైనపు బొమ్మలా అవుతుంది. ఇంకొకటి, నెగటివ్‌లో ఉన్నది వెలుగు నీడల లెక్క మాత్రమే. ఎరుపు, ఆకుపచ్చ రెండూ ఒకే బూడిదగా పడొచ్చు. కాబట్టి చీర ఏ రంగో నెగటివ్ చెప్పదు, కంప్యూటర్ ముందు కూర్చున్నవాళ్లు ఎంచుకున్నదే రంగు. లాహిరి పాట వెన్నెల చూడండి. బార్ట్లే పుట్టించిన వెన్నెల అది. దానికి నీలం పూశారు.

తసమదీయుడు: వెన్నెల నీలంగా కాక ఎలా ఉంటుంది సార్?

ఆర్క్‌లైటు: తెల్లగా. పైకి చూడండి.

తసమదీయుడు: ప్రతి సినిమాలో రాత్రి నీలమే.

ఆర్క్‌లైటు: ప్రతి సినిమాలో తప్పే.

గింబళి: ఇద్దరూ పౌర్ణమి దాకా ఆగండి.

నేలటిక్కెట్టు: నటన సంగతి అడిగితే వెన్నెల దగ్గర ఆగిపోయిండ్రు. ఆమె అడిగింది సావిత్రి గురించి కదా. మాయాశశిరేఖ అంటే ఆడపిల్ల ఒంట్లో ఘటోత్కచుడు. ఎవరన్న చూస్తున్నరంటే తల వంచుతది, సిగ్గు పడతది. వాళ్లు అటు తిరగంగనే ఛాతీ విరుచుకుంటది, అడుగు పెద్దగ పడతది. ‘అహ నా పెళ్లియంట’ల సుశీల గొంతు మధ్యన ఘంటసాల గొంతు దూరుతది. అప్పుడు సావిత్రి పెదాలొక్కటే కాదు, మెడ, భుజాలు, నడుము మీద చెయ్యి అన్నీ మగోనివే. పెళ్లిపీటల మీద పెళ్లికొడుకు రేలంగి కాలును తొక్కినప్పుడు కూడ ముఖం కొత్త పెళ్లికూతురుదే, బలం రాక్షసునిది. ఇది రంగుల్ల చూసినా గదే, లేకుండ చూసినా గదే.

తసమదీయుడు: నేను చెప్పేదీ అదే. నటన రంగులో కొట్టుకుపోదు.

ఆర్క్‌లైటు: రంగులో కొట్టుకుపోదు, కత్తెరలో పోతుంది. పాత ఫ్రేము దాదాపు చతురస్రం, వెడల్పు 100 అయితే ఎత్తు 73. రంగుల ప్రింటును సినిమాస్కోప్ అనే బాగా వెడల్పాటి సైజుకు మార్చారు. అదే వెడల్పు ఉంచి స్కోప్ చేస్తే ఎత్తు 42 మిగులుతుంది. అంటే పైన కిరీటమో కింద కాళ్లో వదులుకోవాలి. మీరు మెచ్చుకున్న ఆ పెద్ద అడుగు, నడుము మీద చెయ్యి, అవి ఎత్తున్న ఫ్రేములో పుట్టిన నటన. ఎస్వీఆర్ గద భుజాన వేసుకుని నిలబడితే గద కొస నుంచి పాదం దాకా ఒకే గీత. సగం గీత ఏం చూస్తారు?

తసమదీయుడు: మొదలైంది. ఏ సినిమా మాటెత్తినా మీకు కొలబద్దే. కిందటి నెల గుండమ్మ కథ ముచ్చట్లో కూడా ప్రింటు గొడవ పెట్టి అందర్నీ లేపేశారు. సినిమా చూసేవాళ్ల కోసమా, మ్యూజియం కోసమా?

ఆర్క్‌లైటు: తెలియని విషయం చెబితే లేపేసినట్టా? సరే, లడ్లు చూసుకోండి.

గింబళి: ఇద్దరికీ చెరో వీరతాడు వెయ్యండిరా ఎవరైనా.

మూడో_ఆట: ఇంత గోల ఎందుకు, రంగులది పెట్టి టీవీలో కలర్ సున్నాకి తగ్గిస్తే నలుపు తెలుపు అయిపోతుందిగా?

ఆర్క్‌లైటు: రంగు పోతుంది. కోసేసినవి తిరిగి రావు. స్కోప్ సంగతి చెప్పాను. నిడివి కూడా కుదించారు. ‘భళి భళి భళి దేవా’ లేదు, పద్యాలు చాలా వరకు లేవు. కంప్యూటర్ దగ్గర కూర్చుని రంగులద్దింది ఓపికైన పని, అది ఒప్పుకుంటాను. సీను మీద సీను కరిగే డిజాల్వులు, మాయలు నిండిన సినిమాకు రంగులు కలపడం మామూలు మాట కాదు. నా కడుపుమంట కత్తెర మీద.

తసమదీయుడు: పద్యాలు తీసేయడమే మంచిదని నేనంటాను. కోపం తెచ్చుకోకండి. మూడు గంటల పైచిలుకు సినిమాలో కథ ఆగి రాగం తీస్తే ఏడేళ్ల పిల్ల లేచి వెళ్లిపోతుంది.

నేలటిక్కెట్టు: గిది అసలు సంగతి! ఇంతసేపు నీలం, తెలుపు అని కొట్లాడుకున్నరు.

ఆర్క్‌లైటు: కథ ఆగదండీ. ‘అష్టదిక్కుంభి’ పద్యంతోనే ఎస్వీఆర్ ఘటోత్కచుడవుతాడు. మాధవపెద్ది సత్యం గొంతు ఎక్కడ పైకి లేస్తే అక్కడ ఎస్వీఆర్ కనుబొమ్మ లేస్తుంది, రాగం దిగాక గానీ భుజం దిగదు. పిల్లలకు అర్థం తెలియక్కర్లేదు. ‘తసమదీయులు’ అన్న మాట ఏ పిల్లకు అర్థం తెలిసి నవ్వింది? మీరు పేరు పెట్టుకున్నది కూడా ఆ మాటేగా.

తసమదీయుడు: మాటలు రాసిన పింగళి పుట్టించిన ఆ మాట ఆరక్షరాలు. పద్యం అలా కాదు. అయినా పేరు జోలికి రాకండి.

శాకంబరి: అసలుదే పెడతాను, ఇంటర్వెల్ ఇచ్చి రెండు రోజులు చూపిస్తాను. టీవీలో ఏమైనా మార్చాలా?

ఆర్క్‌లైటు: పిక్చర్ సైజు 4:3 లేదా ‘ఒరిజినల్’ పెట్టండి. అటూ ఇటూ నల్ల పట్టీలు వస్తాయి, రానివ్వండి. తెర నిండాలని సాగదీస్తే అందరూ మూడో వంతు లావెక్కుతారు, ఎస్వీఆర్‌కి ఆ అవసరం లేదు. టీవీ తనంతట తాను ఫ్రేములు కలిపే మోషన్ స్మూతింగ్ ఆపండి, లేకపోతే సెకనుకు 24 ఫ్రేముల సినిమా టీవీ సీరియల్‌లా జారుతుంది. షార్ప్‌నెస్ బాగా తగ్గించండి, లేకపోతే పాత ప్రింటులోని ఫిల్మ్ గింజ (గ్రెయిన్) ముఖాల మీద ఇసుకలా లేస్తుంది. గదిలో లైటు తీసేస్తే నలుపు నలుపుగా ఉంటుంది.

తసమదీయుడు: పద్యం దగ్గర పిల్లలు లేచారో లేదో సోమవారం నిజం చెప్పండి.

శాకంబరి: చెబుతాను.

తసమదీయుడు: వెన్నెల మాత్రం నీలమే.

ఆర్క్‌లైటు: కాదు.

గింబళి: దేవుడా.