చెల్లె గార పళ్లు: ఇంట్లో ధైర్యం చెబితే చాలా, డెంటిస్ట్ దగ్గరికి తీసుకెళ్లాలా?

మునుగోడు అన్న:
మా చెల్లె ఇంటర్ సెకండియర్. చిన్నప్పుడంతా ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరు నీళ్లే తాగింది. మిషన్ భగీరథ నల్లా వచ్చేసరికి ముందు పళ్లు వచ్చేశాయి, వాటి మీద గోధుమరంగు చారలు. ఎవరైనా ఫోన్ తీస్తే పెదాలు బిగిస్తుంది, నవ్వొస్తే చున్నీ అడ్డం పెట్టుకుంటుంది. ఇప్పుడు వెనీర్లు, అంటే పళ్ల ముందు అతికించే పలుచటి పొరలు, వేయించమని అడుగుతోంది. నాన్నేమో "ఊళ్లో సగం మందికి ఇట్లనే ఉన్నయి, నీకేం తక్కువ?" అంటాడు. అమ్మ "పెళ్లికి ముందు చేయిద్దాంలే" అంటుంది. చేయిస్తే నీలో లోపముందని మేమే అన్నట్టవుతుంది, చేయించకపోతే పట్టించుకోనట్టు. ఏం చేయాలి?

దేవరకొండ బాబాయ్:
వద్దు. మా తరంలో అందరివీ గార పళ్లే. పెళ్లిళ్లు కాలేదా, ఉద్యోగాలు రాలేదా? ఇవాళ పళ్లంటారు, రేపు రంగంటారు, ఎల్లుండి ముక్కంటారు. మీ నాన్న చెప్పిందే కరెక్ట్.

చండూరు అక్క:
బాబాయ్, నావీ గార పళ్లే. ఊళ్లో ఉన్నన్ని రోజులు నాకూ ఏమీ అనిపించలేదు. డిగ్రీకి హైదరాబాద్ హాస్టల్‌కు పోయాక రూమ్‌లో ఒకమ్మాయి "పళ్లు తోముకోవా?" అని అడిగింది. పాపం, ఆమెకు తెలియదు. "అందరికీ ఉన్నయి" అనే ధైర్యం బస్టాండు దాకే వస్తుంది.

నన్ను నిలబెట్టింది మా నాయన మాట. ఆయన మెడ తిప్పాలంటే ఒళ్లంతా తిప్పాలి. "నా నడుమూ నీ పళ్లూ ఒకే బోరు పని బిడ్డా, ఇందులో నీ తప్పేముంది" అని నేను బడికి పోయే రోజుల్లోనే చెప్పాడు. ఆ అమ్మాయికీ అదే చెప్పాను. మా మేనత్త ఉంది, నా మీద ప్రాణం. ఇటుక పొడి, ఉప్పు కలిపి చిగుళ్లు చీరుకుపోయేలా రుద్దించేది. ఆ ప్రేమకు నేను మురికిదాన్ననే అనుకున్నాను. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నాగ్‌పూర్‌లోని నీరి అనే పరిశోధన సంస్థ మన నల్లగొండ పేరే పెట్టింది. ఆ సంగతి మన ఇళ్లల్లో పిల్లలకు ఎందుకు చెప్పరు?

పళ్ల డాక్టర్:
ముందు ఆ ఇటుక పొడి పారేయండి. అది పైన అంటిన గార కాదు. పన్ను చిగురు లోపల తయారయ్యే వయసులో, ఇంచుమించు ఎనిమిదేళ్ల లోపు, నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువైతే పంటి గట్టి పై పొర, ఎనామిలే, అలా తయారవుతుంది. రుద్దితే ఎనామిల్ అరుగుతుంది, మచ్చ పోదు. మన తాగునీటి ప్రమాణం ప్రకారం ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీళ్లు దొరకకపోతే 1.5 దాకా. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఇంకో మాట: మరగబెడితే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది.

వెనీర్‌కు సాధారణంగా పన్ను ముందు భాగం కొంత అరగదీస్తారు. అరగదీసింది మళ్లీ రాదు, అతికించిన పొరను కూడా కొన్నేళ్లకు మార్చాలి. ఈ వయసులో నేనైతే ముందు మైక్రోఅబ్రేషన్ (క్లినిక్‌లో పై పొరను చాలా సన్నగా తీసి మచ్చ తగ్గించడం), అది చాలకపోతే పంటి రంగు కాంపోజిట్ పూత చూడమంటాను. పళ్ల మీద గుంటలు పడి ఉంటే లెక్క వేరు, చూసి చెప్పాలి.

దేవరకొండ బాబాయ్:
చూశారా, డాక్టరే వద్దంటున్నాడు.

పళ్ల డాక్టర్:
వెనీర్లకు తొందర వద్దన్నాను సార్. ఆ పిల్ల అడిగింది తప్పనలేదు.

నకిరేకల్ కోడలు:
అందరూ అమ్మను వదిలేశారు. పెళ్లిచూపుల్లో "ఆ పిల్లది ఏ ఊరు, అక్కడి నీళ్లేంటి" అని అడిగే ఇళ్లు నేను చూశాను. ఆమె భయం ఊరికే పుట్టింది కాదు.

చండూరు అక్క:
భయం నిజమే వదినా. కానీ పెళ్లికి ముందు చేయిస్తే ఆ ఖర్చు కూడా కట్నం లెక్కలో కలిసిపోతుంది. పిల్ల అడిగింది ఇప్పుడు, తన ఫొటో కోసం.

మునుగోడు అన్న:
చెల్లెకు ఇదంతా చదివించాను. ఇటుక పొడి దగ్గర ఆగి, "మన పెద్దమ్మ కూడా" అంది. "నీకేం తక్కువ అని నాన్న అన్నాక నేను ఇంకేం మాట్లాడాలె?" అని కూడా అంది. వెనీర్లు ఇప్పుడొద్దట, డాక్టర్ చెప్పిన మొదటిది చూద్దామంటోంది. ఆదివారం నల్లగొండ పోతున్నాం. అమ్మ వస్తానంది.

దేవరకొండ బాబాయ్:
మీ నాన్ననూ తీసుకుపో. ఆ నీళ్ల సంగతి డాక్టర్ నోటి నుంచి ఆయన వినాలి. చేయించొద్దనే మాట మాత్రం నాది నాదే.