సమభార రేఖలా, సమపీడన రేఖలా?

మా అబ్బాయి భూగోళం పుస్తకంలో ఐసోబార్లని, అంటే పటం మీద ఒకే గాలి పీడనం ఉన్న చోట్లను కలిపే గీతల్ని, ‘సమభార రేఖలు’ అన్నారు. టీవీలో చూస్తే ఎప్పుడూ ‘బంగాళాఖాతంలో అల్పపీడనం’. రెండూ గాలి సంగతే కదా, ఒకచోట భారం, ఒకచోట పీడనం ఎందుకండీ? ‘సమపీడన రేఖలు’ అంటే పోయేదేముంది?

జవాబు: భారం తప్పు కాదండీ. మన నెత్తి మీద పైదాకా ఉన్న గాలి బరువే ఆ పీడనం. గ్రీకులో బారోస్ అంటే బరువు. గాలి పీడనం కొలిచే బారోమీటరు మనకు భారమితి అయింది కూడా అందుకే. తమాషా ఏమిటంటే బారోస్, భారం అక్కాచెల్లెళ్లలా వినిపిస్తాయి గానీ చుట్టరికం లేదు. భారం ‘భృ’ ధాతువు (మోయడం) నుంచి పుట్టింది. బారోస్‌కి సంస్కృతంలో అసలు బంధువు ‘గురు’, అదే గురుత్వంలోని గురు.

జవాబు: చుట్టరికాలు సరే, నా ఓటు సమపీడనానికే. రసాయన శాస్త్రంలోనూ ఐసోబార్లున్నాయి. ఆర్గాన్ 40, కాల్షియం 40 లాంటివి, మూలకాలు వేరైనా ద్రవ్యరాశి సంఖ్య (ప్రోటాన్లు, న్యూట్రాన్ల మొత్తం) ఒకటే. అక్కడ భారం అతుకుతుంది, వాతావరణ పటం మీద పీడనమే నప్పుతుంది. అసలు మన వాతావరణ శాఖ నేల మీద అల్పపీడనాన్ని, వాయుగుండాన్ని వేరుచేసేది ఈ గీతలతోనే. 2 హెక్టాపాస్కళ్ల (పీడనం కొలత) తేడాతో గీసినప్పుడు, చుట్టూ తిరిగొచ్చి మూసుకున్న గీత ఒకటుంటే అల్పపీడనం. రెండైతే వాయుగుండం, మూడైతే తీవ్ర వాయుగుండం, నాలుగు, ఆపైన తుపాను. సముద్రం మీదైతే గాలి వేగం చూస్తారు. పటం మీద ఆ వలయాలు చూశాక ‘గుండం’ అన్నవాడికి దండం పెట్టాలనిపిస్తుంది.

జవాబు: ఒక్క సందేహమండీ. హైదరాబాదు 500 మీటర్ల పైచిలుకు ఎత్తున ఉంది. అక్కడ భారమితి 950 చిల్లర చూపిస్తే, బందరులో 1010 దగ్గర ఉంటుంది. ఈ లెక్కన తెలంగాణ మీద ఏడాది పొడుగునా అల్పపీడనమేనా?

జవాబు: అలా కాకూడదనే అన్నిటినీ సముద్రమట్టానికి సవరించి గీస్తారు. అంటే హైదరాబాదు కింద నేల బదులు గాలే ఉంటే దాని బరువెంతో లెక్కగట్టి కలుపుతారు. లేని గాలికి కూడా బరువు కడుతున్నారు చూశారా, సమభారం వాళ్లకు ఇదొక పాయింటు!

మొదట అడిగినాయన: బాగుంది. సోమవారం పరీక్షండీ, అబ్బాయిని ‘సమభార రేఖలు’ అనే రాయమన్నాను. పేపరు దిద్దే మాస్టారితో వాదన పెట్టుకోలేం.