లెప్టిన్ ఎక్కువ, అడిపోనెక్టిన్ తక్కువ: మా బాబు రిపోర్ట్ ఎలా అర్థం చేసుకోవాలి?

మా బాబుకి పదేళ్లు, బీఎంఐ (ఎత్తుకి బరువు ఎంతుందో చెప్పే లెక్క) వాడి వయసుకి 95వ పర్సంటైల్ దాటింది, అంటే ఆ వయసు పిల్లల చార్టులో నూటికి 95 మంది కంటే ఎక్కువ. మొన్న రక్తపరీక్షలో ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని ఒక రకం కొవ్వు) 168, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) 36 వచ్చాయి, వాటి కింద లెప్టిన్ పక్కన పైకి బాణం, అడిపోనెక్టిన్ పక్కన కిందికి బాణం. వాడేమో పై బాణం మీద వేలు పెట్టి "ఇందులో నాకు ఎక్కువ మార్కులొచ్చాయా?" అన్నాడు, నవ్వాలో ఏడవాలో తెలీలేదు.

నాకు అర్థమైనంతవరకు ఈ రెండు ప్రోటీన్లనీ ప్రధానంగా కొవ్వు కణాలే తయారుచేస్తాయి. 1994లో కనిపెట్టిన ఈ లెప్టిన్ "నిల్వ సరిపడా ఉంది, ఇక చాలు" అని మెదడుకి చెప్పాలి కదా, మరి అంత ఎక్కువున్నా వీడు తిన్న గంటకే మళ్లీ ఆకలంటాడేంటి? మెదడు ఆ మాట సరిగ్గా వినకపోవడాన్నే లెప్టిన్ రెసిస్టెన్స్ అంటారని చదివాను. అడిపోనెక్టిన్ సంగతి ఇంకా విడ్డూరం, కొవ్వు కణాల నుంచే వచ్చినా ఒంట్లో కొవ్వు పెరిగేకొద్దీ అది తగ్గిపోతుంది, కాలేయం, కండరాలు కొవ్వుని ఖర్చు చేయాలంటే, ఇన్సులిన్ బాగా పనిచేయాలంటే అదే కావాలి.

అసలు సందేహం ఇదీ: బరువు వల్ల ఈ బాణాలు వచ్చాయా, వీటివల్లే బరువు పెరిగాడా? పుట్టుకతో లెప్టిన్ లేని పిల్లలు చాలా అరుదుగా ఉంటారట, మావాడిది ఎలాగూ అది కాదు. బరువు తగ్గితే ఇవి వాటంతటవే దారికొస్తాయా, మళ్లీ ఎన్నాళ్లకి టెస్ట్ చేయించాలి? డాక్టర్ గారు "బరువు తగ్గించండి" అని రెండు నిమిషాల్లో పంపేశారు, టెన్షన్ మాత్రం నాకు మిగిలింది. పిల్లల డాక్టర్లు, హార్మోన్ల స్పెషలిస్టులు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి, ఇలాంటి రిపోర్ట్ చూసిన తల్లిదండ్రులైనా సరే.