డబ్బొచ్చాక రాసిన పేదరికం పాటని నమ్మొచ్చా?

పల్లేరుకాయ:
మా రూంలో రెండు రోజులుగా తెగని వాదన ఇది. 'ఎయిట్ మైల్' సినిమా కోసం 2002లో అమెరికా ర్యాపర్ ఎమినెం చేసిన 'లూజ్ యువర్‌సెల్ఫ్' పాట తెలుసుగా, ఆస్కార్ గెలిచిన మొదటి ర్యాప్ పాట. అందులో స్టేజి ఎక్కేముందు ఒక పేద కుర్రాడి చేతులకి చెమటలు పడతాయి, మోకాళ్లు వణుకుతాయి, వాంతి అవుతుంది. తీరా మైకు ముందుకొచ్చాక మాట పెగలదు. కానీ ఇది రాసేనాటికే ఎమినెం ఆల్బమ్‌లు లక్షల్లో అమ్ముడయ్యాయి. డబ్బున్నవాడు సినిమా కోసం రాసిన పేదవాడి టెన్షన్‌ని నిజాయితీ అంటారా? నేను అనను.

గోదారిగట్టు:
నేను అంటాను తమ్ముడూ. కడుపు నిండినంత మాత్రాన ఆకలి మర్చిపోతామా? ఉద్యోగం వచ్చి ఇరవై ఏళ్లైనా మా నాన్న నెలాఖరులో పర్సు రెండుసార్లు చూసుకునేవారు. సినిమా కథ జరిగేది 1995లో, డెట్రాయిట్‌లో. అప్పటికి ఎమినెం కూడా అదే ఊళ్లో పేరు కోసం కొట్టుకుంటున్న కుర్రాడే. మూడో చరణం మళ్లీ విను. 'అతను' పోయి 'నేను' వస్తాడు, ఇది సినిమా కాదు, నా బతుకు అంటాడు. ఫుడ్ స్టాంపులతో బిడ్డకి డైపర్లు రావంటాడు. అక్కడ పేదలకి ప్రభుత్వమిచ్చే ఆ స్టాంపులు తిండి సరుకులకే చెల్లుతాయి మరి. ఈ మాట కౌంటర్ దగ్గర ఒట్టి చేతులతో నిలబడినవాడికి తప్ప తట్టదని నా నమ్మకం.

పల్లేరుకాయ:
డైపర్ల మాట ఒప్పుకుంటున్నా అన్నా. అది నేను పట్టించుకోలేదు.

ఇంటర్ టీచర్:
నా బాధ వేరే. ఒకే ఒక్క అవకాశం, జారిపోతే మళ్లీ రాదు అన్నది ఆ పాట పల్లవి. మా పిల్లలు ఎంసెట్ ముందు ఇది చెవుల్లో పెట్టుకుని తిరుగుతారు. ఇంట్లో అదే మాట, కాలేజీలో అదే మాట, చివరికి పాటలోనూ అదేనా? పోయినేడాది ఒకమ్మాయి హాల్ టికెట్ పట్టుకుని గేటు దగ్గరే కూలబడిపోయింది. ఆ పిల్ల మొహం నాకింకా కళ్లలోనే ఉంది.

గోదారిగట్టు:
మేడం, మీరు చెప్పింది చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. ఒక్క మాట మాత్రం చెప్పాలి. సినిమా మొదట్లో ఆ కుర్రాడు స్టేజి మీద నోరు విప్పలేక దిగిపోతాడు, జనం గేలి చేస్తారు. అంటే మొదటి అవకాశం పోయింది, మళ్లీ వచ్చింది. ర్యాప్‌లో ఒకరినొకరు తిట్టుకునే చివరి పోటీలో ఎదుటివాడు తననేమంటాడో అవన్నీ తనే ముందు చెప్పేసుకుంటాడు. అమ్మతో ట్రైలర్‌లో, అంటే చక్రాల మీది చిన్న ఇంట్లో ఉంటానని కూడా దాచడు. ఇక ఎదుటివాడికి తిట్టడానికేమీ మిగలదు, మైకు వదిలేస్తాడు. ఇంత గెలిచినవాడు పార్టీకి పోడు. షిఫ్టు మిగిలుందని నడుచుకుంటూ ఫ్యాక్టరీకి వెళ్లిపోతాడు. నాకు ఆ సినిమాలో అన్నిటికంటే ఇష్టమైన చోటు అదే.

ఇంటర్ టీచర్:
ఫ్యాక్టరీకి వెళ్లడం నాకు తెలియదు బాబూ, నేను పాట ఒక్కటే విన్నాను. మా పిల్లలూ అంతే. రేపు క్లాసులో ఆ సీను చెప్తాను. పాట మాత్రం పరీక్షలయ్యేదాకా వద్దనే అంటాను.