డీపీఎఫ్ ఖాళీ చేసిన కారుని షోరూం సర్వీసుకి ఇవ్వొచ్చా?

కొత్త పాత బండి

సెకండ్ హ్యాండ్ డీజిల్ కారు, కొని నాలుగు నెలలైంది. మైలేజీ బాగుంది, పికప్ ఇంకా బాగుంది. అంత బాగుంటే అనుమానం రావాలి కదా, నాకు రాలేదు.

మొన్న బండి కడుగుతూ ఊరికే పొగగొట్టంలో వేలు పెట్టాను. రెండో కణుపు దాకా మసి. డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) ఉన్న బండికి ఇంత మసేంటని కింద దూరాను. హీట్ షీల్డ్ వెనకాల డీపీఎఫ్ డబ్బా చుట్టూ వంకరటింకరగా చేతి వెల్డింగు. కోసి, లోపలి తేనెపట్టు లాంటిది పీకేసి మళ్లీ అతికించారు. ఈజీఆర్ (పొగలో కొంత మళ్లీ ఇంజిన్‌లోకి పంపే ఏర్పాటు) పైపు దగ్గర గాస్కెట్ పక్కనుంచి సన్నటి స్టీల్ రేకు అంచు కనిపిస్తోంది, అంటే అదీ మూసేశారు. ఇంత చేసినా డ్యాష్‌బోర్డు మీద ఒక్క లైటు వెలగట్లేదంటే రీమ్యాప్ (ఇంజిన్ సాఫ్ట్‌వేర్ మార్చేయడం) కూడా అయినట్టే. అమ్మినాయనకి ఫోన్ చేస్తే, "మీకు మంచే జరిగింది కదండీ" అన్నాడు.

ఇప్పుడు ఎయిర్‌బ్యాగ్ రీకాల్ వచ్చింది. అది షోరూంలోనే చేయించాలి. ఈ బండిని ముట్టుకోం అంటారా? వారంటీ ఇంకో ఏడాది ఉంది, అది పోయినట్టేనా? అసలేమీ చెప్పకుండా తాళం ఇచ్చేస్తే ఏమవుతుంది?

13 నంబర్ పానా

తొమ్మిదేళ్లు షోరూం వర్క్‌షాపులో చేశాను, ఇప్పుడు బయట చేస్తున్నా. మీ ఆఖరి ప్రశ్నకే ముందు జవాబు చెప్తాను.

వాళ్లు కనిపెడతారేమోనని మీ భయం. నేనైతే కనిపెట్టరేమోనని భయపడతా. బండి బేలోకి రాగానే కుర్రాడు స్కానర్ తగిలిస్తాడు. ఈసీయూకి (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) కొత్త సాఫ్ట్‌వేర్ ఉందని స్క్రీన్ మీద వస్తే నొక్కేస్తాడు, అది వాడి రోజువారీ పని. మీ రీమ్యాప్ తుడుచుకుపోయి కంపెనీ సాఫ్ట్‌వేర్ వచ్చి కూర్చుంటుంది. అది డీపీఎఫ్‌కి ముందూ వెనకా ప్రెషర్ తేడా ఎంతుందో చూస్తుంది. ఖాళీ డబ్బాలో తేడా ఏముంటుంది? ఫిల్టర్ పనిచేయట్లేదని పీ2002 ఎర్రర్ కోడ్. ఈజీఆర్ తెరిచి చూస్తుంది, అటు నుంచి ఏమీ రాదు. పీ0401. ఇంకేముంది, లింప్ మోడ్, అంటే ఈసీయూ ఇంజిన్ పవర్ తగ్గించేస్తుంది. నడుచుకుంటూ వెళ్లిన బండి కుంటుకుంటూ బయటికొస్తుంది.

ఇంకో తంటా ఉంది. మసి ఎంత పేరుకుందో ఈసీయూ బండి నడిచిన తీరుని బట్టి కూడా అంచనా కడుతుంది. నిండిందని లెక్క తేలితే, లేని ఫిల్టర్‌ని కాల్చి శుభ్రం చేయడానికి బయల్దేరుతుంది. మసి కాలాలంటే అక్కడ 600 డిగ్రీల దాకా వేడి పుట్టాలి కదా, దానికోసం అదనంగా డీజిల్ కొడుతుంది. అలా కొట్టిన దాంట్లో కొంత సిలిండర్ గోడల మీదుగా ఇంజిన్ ఆయిల్లోకి జారుతుంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ తగ్గాల్సింది పోయి పెరుగుతోందంటే ఇదే.

రీకాల్‌కి, పొగకి సంబంధం లేదు. నేను చేసిన చోట ఇలాంటి బండ్లకి ఎయిర్‌బ్యాగ్ మార్చకుండా పంపిన రోజు లేదు. వారంటీ సంగతి వేరు. డోర్ లాక్, ఏసీ లాంటివి అయితే మాట్లాడొచ్చు. టర్బో, ఇంజెక్టర్లు, పిస్టన్ అంటే రీమ్యాప్ చూపించి చేతులెత్తేస్తారు. నన్నడిగితే అది వాళ్ల తప్పు కాదు.

జాబ్ కార్డు మీద "ఈసీయూ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేయొద్దు" అని రాయించండి. అడ్వైజర్‌కి నోటితో చెప్పింది బే దాకా చేరదు.

స్పీడ్ బ్రేకర్

ఎందుకండీ ఈ గోలంతా. నా బండికీ డీపీఎఫ్ లేదు. మూడేళ్లుగా షోరూంలోనే ఇస్తున్నా, ఒక్కడూ అడగలేదు. ఆయిల్ మార్చి, కడిగి ఇస్తారు. నోరు మూసుకుంటే సరి.

13 నంబర్ పానా

ఆ మూడేళ్లలో మీ మోడల్‌కి అప్‌డేట్ వచ్చి ఉండదు, అంతే. ఇంకోటి, అడగలేదంటే చూడలేదని కాదు. సీవీఎన్ అని ఒక నంబరుంటుంది, సాఫ్ట్‌వేర్ లోపలి డేటా అంతటి నుంచీ లెక్కగట్టేది. రీమ్యాప్ చేసినవాడు వెర్షన్ పేరు అలాగే ఉంచినా ఇది మారుతుంది. చాలా ఈసీయూల్లో ఎన్నిసార్లు రాశారో చెప్పే కౌంటర్ కూడా ఉంటుంది. మళ్లీ కంపెనీ సాఫ్ట్‌వేర్ ఎక్కించినా ఆ అంకె వెనక్కి రాదు.

వెనక సీటు డ్రైవర్

మా నాన్నగారి బండికి ఇవన్నీ వెనక్కి పెట్టించాం, ఆ అనుభవంతో ఒక మాట. డీపీఎఫ్ ఎందుకు తీసేశారో ముందు అమ్మినాయన్ని అడగండి. సరదాకి తీసినవాళ్లు తక్కువ, నిండిపోయి తీసినవాళ్లే ఎక్కువ. ఎందుకు నిండిందో తెలియకుండా కొత్తది పెడితే అదీ నిండుతుంది. మాకు ఒక ఇంజెక్టర్ కారుతోంది. అది పట్టుకోవడానికే రెండు వారాలు పట్టింది, ఆ రెండు వారాలూ మా నాన్నగారి ముఖం చూడలేకపోయాం. ముందు పార్టులు బిగించి ఆ తర్వాత సాఫ్ట్‌వేర్ ఎక్కించాలి. ఎక్కించాక మసి లెక్కని స్కానర్‌తో సున్నాకి తేవడం మర్చిపోవద్దు. ఎలాగూ ఇవి తీసి తిరగడం చాలా దేశాల్లో చట్టవిరుద్ధమే.

కొత్త పాత బండి

వెళ్లొచ్చాను. అంతా చెప్పేశాను. అడ్వైజర్ కళ్లద్దాలు పైకి నెట్టుకుని, "ముందే చెప్పి బతికించారు సార్" అని జాబ్ కార్డు మీద తనే ఎర్ర పెన్నుతో రాశాడు. ఎయిర్‌బ్యాగ్ మార్చారు, సాఫ్ట్‌వేర్ ముట్టుకోలేదు. రీమ్యాప్ ఉన్నట్టు హిస్టరీలో ఎక్కించామని చెప్పాడు, సరే.

అమ్మినాయన ఈసారి నిజం చెప్పాడు. ఇంటి నుంచి ఆఫీసు రెండు కిలోమీటర్లట, రోజూ అంతే తిరిగేవాడు. ఇంజిన్ వేడెక్కేలోపే ఆపేస్తే ఫిల్టర్ ఎప్పుడు కాలుతుంది? నాకు రోజూ హైవే ఉంది కాబట్టి కొత్త డీపీఎఫ్ పెట్టించాలనుకుంటున్నా. అది దొరికేలోపు ఈజీఆర్ రేకు నేనే తీసెయ్యనా? రెండు బోల్టులే కనిపిస్తున్నాయి.

13 నంబర్ పానా

తీయొచ్చు. రీమ్యాప్ ఉన్నంతవరకు వాల్వ్ మూసే ఉంటుంది, తేడా ఏమీ తెలియదు. ఇంజిన్ చల్లారాక పట్టుకోండి. గాస్కెట్ మాత్రం కొత్తది వేయండి, ఆ రేకు కింద నలిగిన పాతది మళ్లీ కూర్చోదు.