కర్మ, జ్ఞానం వంశంలో దిగుతాయా? మీ ఇళ్లలో చూసింది చెప్పండి

వెతుకులాట: మా తాతగారు జీవితమంతా జపంలోనే గడిపారు. నాన్నకి దేవుడి మాటంటేనే చిరాకు. నాకేమో చిన్నప్పటి నుంచీ ధ్యానం మీదే మనసు. తాత సాధనే నీకొచ్చింది అంటారు ఇంట్లో. మరి ఆయన ముక్కోపం కూడా నాకే వచ్చిందే, అదీ ఆయన కర్మేనా? పెద్దల పుణ్యపాపాలు పిల్లలకు చేరతాయా, ఎవరిది వాళ్లదేనా?

నిప్పుమాట: పండితపుత్రుడు పరమశుంఠ అని ఊరికే అనలేదు. మాది తరతరాలుగా వేదం చదువుకున్న ఇల్లు. మా పెదనాన్న సంధ్యావందనం ముగించుకుని వచ్చి, అదే చేత్తో తమ్ముడి వాటా కాగితాల మీద దొంగ సంతకం పెట్టాడు. ఆ తమ్ముడు మా నాన్నే. వాల్మీకి కథ తెలిసిందేగా, నా పాపంలో వాటా తీసుకుంటారా అంటే ఆలుబిడ్డలే కాదు పొమ్మన్నారు. చేసుకున్నవాడికి చేసుకున్నంత.

శాస్త్రపాఠి: ఏళ్ల తరబడి ఉపనిషత్తులు పాఠం చెబుతున్నవాణ్ణి. ఒక్క కథ పట్టుకుని తీర్పు చెప్పేస్తే ఎలా? మనుస్మృతి 4వ అధ్యాయం 173వ శ్లోకం చూడండి. చేసిన అధర్మం తనకు తగలకపోతే కొడుకులకు, వాళ్లకూ తగలకపోతే మనవలకు తగులుతుంది, వృథా మాత్రం కాదు. కౌషీతకి ఉపనిషత్తులో పోయేముందు తండ్రి తన వాక్కు, చూపు, వినికిడి, చివరికి కర్మలు కూడా ఒక్కొక్కటే కొడుక్కి అప్పగిస్తాడు. కొడుకు స్వీకరిస్తున్నానంటాడు. భాగవతం సప్తమ స్కంధంలో నరసింహస్వామి, నీ వల్ల నీ తండ్రితో పాటు 21 తరాలు పవిత్రమయ్యాయని ప్రహ్లాదుడితో అంటాడు. వంశంతో పని లేదనేవాళ్లు ఇవి చదివి మాట్లాడాలి.

నిప్పుమాట: ప్రహ్లాదుడి పేరు మీరే ఎత్తారు. అంతటి భక్తుడి కొడుకు విరోచనుడి సంగతేమిటి? ఛాందోగ్యం 8వ అధ్యాయంలో ఇంద్రుడూ అతనూ ప్రజాపతి దగ్గర 32 ఏళ్లు బ్రహ్మచర్యం చేశారు. విరోచనుడు నగలు పెట్టుకుని నీళ్లలో నీడ చూసుకుని, ఈ ఒళ్లే ఆత్మ అనుకుని తృప్తిగా వెళ్లిపోయాడు. ఇంద్రుడు అనుమానంతో మళ్లీ మళ్లీ తిరిగొచ్చి మొత్తం 101 ఏళ్లు ఉన్నాడు. తండ్రి జ్ఞానం కొడుక్కెందుకు దిగలేదు?

శాస్త్రపాఠి: అతను ప్రహ్లాదుడి కొడుకని ఛాందోగ్యం ఆ కథలో చెప్పలేదు. పురాణాన్నీ ఉపనిషత్తునీ కలగాపులగం చేయకండి. పురాణమే కావాలంటే విరోచనుడి కొడుకు బలి చక్రవర్తి. మూడడుగులిచ్చి తల వంచినవాడు. ఒక తరం ఆగి మనవడి దగ్గర బయటపడింది.

నిప్పుమాట: ఆ బలి కొడుకే బాణాసురుడు. అక్కడ మళ్లీ ఆగిందా? దిగితే వంశం గొప్పదనం, దిగకపోతే ఒక తరం ఆగిందనడం. ఇలాగైతే మీ మాట ఎప్పటికీ తప్పు కాదు. మనువునీ కౌషీతకినీ భాగవతాన్నీ ఒక్క పేరాలో కలిపింది కూడా మీరే.

శాస్త్రపాఠి: గురుముఖంగా చదవని వాళ్లతో వాదన అనవసరం.

అమ్ములువాళ్లమ్మ: మీ గొడవ కాసేపు ఆపండి. మా పాపకి తలసీమియా మేజర్, అంటే తల్లిదండ్రుల జన్యువుల నుంచి వచ్చే తీవ్రమైన రక్త జబ్బు. మొన్న రక్తం ఎక్కిస్తుంటే, సూది ఇంకా చేతికి ఉండగానే, మా అత్తవారి వైపు పెద్దావిడ మంచం పక్కన నిలబడి "మీ పుట్టింటివాళ్లు ఎవరి ఉసురు పోసుకున్నారో" అంది. ఆవిడ వెళ్లాక పాప "ఉసురంటే ఏంటమ్మా?" అని అడిగింది. నేనూ మా ఆయనా ఇద్దరం క్యారియర్లం, అంటే మాకు జబ్బు లేకపోయినా దాని జన్యువు మాలో ఉంది. అలాంటప్పుడు ప్రతి కాన్పులోనూ బిడ్డకి జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. దీనికి ఏ ముత్తాత పాపమూ అక్కర్లేదు. మనవలకు తగులుతుందని శ్లోకాలు చెప్పే ముందు, అవి ఎవరి మంచం దగ్గర వాడుతున్నారో చూడండి.

కొత్తచూపు: అక్కా, ఆవిడ మాట దుర్మార్గం. కానీ ఎపిజెనెటిక్స్, అంటే జన్యువులు మారకుండానే వాటి పనితీరు ఎలా మారుతుందో చూసే శాస్త్రం కూడా పెద్దల అనుభవం పిల్లల్లో కనిపిస్తుందనే అంటోంది కదా. 1944-45 శీతాకాలంలో నెదర్లాండ్స్‌లో కరువు వచ్చినప్పుడు గర్భంలో ఉన్న పిల్లల మీద ఆ ప్రభావం పెద్దయ్యాక కూడా కనిపించింది.

జన్యుకణం: ల్యాబ్‌లో ఇదే నా పని కాబట్టి చెబుతున్నా. ఆ పిల్లలు అప్పటికే కడుపులో ఉన్నారు, ఆకలి నేరుగా వాళ్లకే తగిలింది. దాన్ని కర్మకి రుజువుగా వాడొద్దు.

బోధిచెట్టు: టిబెట్‌లో రెండు పద్ధతులూ ఉన్నాయి. 1073లో మొదలైన సాక్య అనే బౌద్ధ శాఖ పీఠం ఖోన్ వంశంలోనే నడుస్తోంది. దలైలామాని మాత్రం పునర్జన్మ నమ్మకంతో వేరే ఇళ్లలో వెతుకుతారు. బుద్ధుడి కొడుకు రాహులుడు అర్హతుడయ్యాడు, అంటే ముక్తి పొందాడు, అదే బంధువర్గంలోని దేవదత్తుడు సంఘాన్నే చీల్చాడు.

మౌనసాధన: రమణ మహర్షి వంశంలోనూ ఒక కథ చెబుతారు. భిక్ష దొరకని ఒక సన్యాసి, మీ ఇంట్లో తరానికొకడు నాలాగే తిరుగుతాడని శపించాడట. ఆ శాపమే లోకానికి వరమైంది. నాకది వంశమహిమే అనిపిస్తుంది.

వెతుకులాట: నా కోపం సంగతి ఎవరూ చెప్పలేదు.

మౌనసాధన: గీత 6వ అధ్యాయం 41 నుంచి 43 వరకు చదవండి. యోగం మధ్యలో ఆగినవాడు మంచివాళ్ల ఇంట్లోనో యోగుల ఇంట్లోనో పుట్టి, తన పాత సాధననే అందుకుంటాడు. మీ ధ్యానం మీరు తెచ్చుకున్నదే, తాతగారి ఇల్లు దానికి చోటిచ్చింది. కోపం కూడా మీదేననుకుని పట్టండి.

కొత్తచూపు: అమ్ములువాళ్లమ్మ గారూ, మా చెల్లికి సంబంధాలు చూస్తున్నాం. ఏ పరీక్ష చేయించాలి?

అమ్ములువాళ్లమ్మ: సీబీసీ (రక్తకణాల లెక్క), హెచ్‌బీఏ2 (ఒక రకం హిమోగ్లోబిన్ ఎంతుందో చూసే పరీక్ష). ఏ2 3.5 శాతం దాటితే క్యారియర్ కావచ్చు, అప్పుడు అబ్బాయికీ చేయించండి. రిపోర్ట్ హెమటాలజిస్టుకి చూపించండి.