చర్చ: బోస్నియా సంధి విఫలమవడంలో డేవిడ్ ఓవెన్ బాధ్యత ఎంత?

తులాభారం:

బ్రిటన్ మధ్యేవాద రాజకీయాల్లో డేవిడ్ ఓవెన్ అంత ప్రతిభ ఉండి, ఆ ప్రతిభను అంతగా వృథా చేసుకున్న నాయకుడు మరొకరు కనిపించరు. ఆయన 1938లో డెవన్‌లోని ప్లింప్టన్‌లో పుట్టి, వైద్యుడై, 1966లో ప్లిమత్ నుంచి లేబర్ పార్టీ తరఫున పార్లమెంటుకు ఎన్నికయ్యారు. 1977లో అప్పటి మంత్రి ఆంథొనీ క్రాస్‌లాండ్ హఠాత్తుగా మరణించడంతో 38 ఏళ్లకే విదేశాంగ మంత్రి అయ్యారు. 1992 ఆగస్టులో యూరోపియన్ కమ్యూనిటీ తరఫున మాజీ యుగోస్లావియా శాంతి చర్చలకు సహాధ్యక్షుడయ్యారు. 1995 జూన్‌లో ఆ బాధ్యత నుంచి తప్పుకొనే నాటికి బోస్నియాలో ముస్లింలు, సెర్బులు, క్రొయేట్ల మధ్య యుద్ధం నడుస్తూనే ఉంది. ఆ మరుసటి నెలలోనే స్రెబ్రెనిత్సాలో సెర్బు సేనలు సుమారు 8,000 మంది ముస్లిం పురుషులనూ బాలురనూ చంపేశాయి.

ఈ వైఫల్యాన్ని కేవలం పరిస్థితుల ఖాతాలో వేయడం నాకు సమ్మతం కాదు. 1981లో రాయ్ జెన్కిన్స్, షెర్లీ విలియమ్స్, బిల్ రోడ్జర్స్‌లతో కలిసి ఆయన సోషల్ డెమోక్రటిక్ పార్టీని స్థాపించారు. 1983 ఎన్నికల్లో లిబరల్ పార్టీతో కూటమి కట్టి 25 శాతానికి పైగా ఓట్లు సాధించినా, ఆ దేశపు ఎన్నికల పద్ధతి కారణంగా కూటమికి దక్కినవి 23 స్థానాలే. 1987 ఎన్నికల తరువాత రెండు పార్టీల విలీన చర్చలకు సభ్యుల్లో అధిక సంఖ్యాకులు ఓటు వేసినప్పుడు, ఆ తీర్పును ఆమోదించలేక నాయకత్వం వదిలి, మిగిలిన కొద్దిమందితో పాత పేరుమీదే పార్టీని కొనసాగించారు. 1989లో యార్క్‌షైర్‌లోని రిచ్‌మండ్ ఉప ఎన్నికలో ఆ చీలిక పార్టీకీ విలీన పార్టీకీ పడిన ఓట్లు కలిపితే గెలిచిన విలియం హేగ్ ఓట్లను మించిపోయాయి. మరుసటి ఏడాది బూటిల్ ఉప ఎన్నికలో ఓవెన్ పార్టీకి పడినవి 155 ఓట్లు. వేళాకోళానికి పెట్టిన పార్టీకి అంతకంటే ఎక్కువ పడ్డాయి. సొంత మిత్రులతో రాజీపడలేనివాడు ముగ్గురు శత్రువుల మధ్య రాజీ కుదర్చగలడని యూరప్ నాయకులు ఎలా నమ్మారన్నదే నా ప్రశ్న.

పాతపేజీలు:

పార్టీ చీలికనూ బోస్నియానూ ఒకే తాడున కట్టడం చదవడానికి బాగుంటుంది కాని, చర్చల క్రమాన్ని చూస్తే నిలవదు. 1993 జనవరిలో ఐక్యరాజ్య సమితి తరఫు సహాధ్యక్షుడు సైరస్ వాన్స్‌తో కలిసి ఓవెన్ జెనీవాలో ప్రతిపాదించిన ప్రణాళిక ప్రకారం బోస్నియా ఒకే దేశంగా ఉంటూ పది ప్రాంతాలుగా ఏర్పడాలి. అప్పటికి దాదాపు 70 శాతం భూభాగాన్ని ఆక్రమించి ఉన్న సెర్బు సేనలు వెనక్కి తగ్గి, సుమారు 43 శాతంతో సరిపెట్టుకోవాలి. పైగా వారి ప్రాంతాలు ఒకదానితో ఒకటి కలవకుండా గీసినందున ప్రత్యేక రాజ్యం ఏర్పాటు చేసుకోవడం కష్టమవుతుంది. క్రొయేట్ల నాయకుడు మొదటే సంతకం చేశాడు. మార్చి నెలాఖరుకు బోస్నియా అధ్యక్షుడు, ముస్లింల నాయకుడు అలియా ఇజెత్‌బేగోవిచ్ కూడా చేశారు. మే 2న ఏథెన్స్‌లో సెర్బియా అధ్యక్షుడు మిలోషెవిచ్ ఒత్తిడి మీద బోస్నియా సెర్బుల నాయకుడు రాడొవాన్ కరాజిచ్ చేత సైతం సంతకం చేయించారు. మూడు పక్షాల చేత సంతకాలు చేయించినవాణ్ణి రాజీ తెలియనివాడు అనడం ఏ లెక్కన?

ఆ సంతకాన్ని పాలేలోని బోస్నియా సెర్బుల సభ కొద్ది రోజుల్లోనే తిరస్కరించింది. మిలోషెవిచ్, గ్రీసు ప్రధాని మిత్సోతాకిస్ స్వయంగా వెళ్లి నచ్చజెప్పినా వినలేదు. అలా తిరస్కరిస్తే ఏమవుతుందో వారికి అప్పటికే అర్థమైంది: ఏమీ కాదు. ఆర్థిక ఆంక్షలు బిగించడానికి భద్రతా మండలి సిద్ధపడింది గాని, ప్రణాళికను బలవంతంగానైనా అమలు చేయడానికి సేనలు పంపుతామని ఏ పెద్ద దేశమూ చెప్పలేదు. జనవరిలో అమెరికాలో అధికారానికి వచ్చిన క్లింటన్ ప్రభుత్వం, ఈ ప్రణాళిక జాతి నిర్మూలనకు బహుమతి ఇస్తుందన్న విమర్శతో మొదటి నుంచీ దూరంగా ఉంది. రెండున్నరేళ్ల తరువాత అదే ప్రభుత్వం అమెరికాలోని డేటన్‌లో కుదిర్చిన ఒప్పందం సెర్బులకు 49 శాతం భూమినీ ప్రత్యేక రిపబ్లిక్‌నూ ఇచ్చింది, దాని అమలుకు సుమారు 60,000 మంది నాటో సైనికులు వెళ్లారు. 1993లో ఆ సైనికులు ఉండి ఉంటే ఓవెన్ పేరు ఈనాడు వేరుగా వినిపించేది. రాయబారం చెడినందుకు శ్రీకృష్ణుణ్ణి తప్పుపట్టినవారు మనలో ఎవరూ లేరు కదా.

సంశయాత్మ:

శ్రీకృష్ణుడి పోలిక ఇక్కడ కుదరదు. ఆయన ఒక పక్షం వాడు, సంధి చెడితే ఏం జరుగుతుందో కౌరవ సభలో చెప్పగలిగాడు. ఓవెన్‌కు పక్షమూ లేదు, వెనుక సేనా లేదు.

నా అభ్యంతరం పటం గురించి. పది ప్రాంతాలలో మూడేసి ఒక్కొక్క జాతికి, సరాయెవో అందరికీ అన్న ఆ పంపకం, ఒప్పందం కుదరకముందే క్షేత్రంలో ఫలితం చూపించింది. 1991 జనగణనలో ముస్లింలు సుమారు 44 శాతం, సెర్బులు 31, క్రొయేట్లు 17 శాతం ఉన్న దేశంలో, ఒకే ఊళ్లో కలిసి ఉన్నవారిని ప్రాంతాల వారీగా విడదీసి చూపే పటం ఏదైనా, 'ఇది మనది' అన్న మాటకు ముద్ర వేసినట్టే అవుతుంది. మధ్య బోస్నియాలో తమకు కేటాయించినట్టు చూపిన ప్రాంతాలలో అధికారం తమదేనని క్రొయేట్ నాయకత్వం ఒత్తిడి తెచ్చింది, 1993 ఏప్రిల్‌లో అహ్మిచి గ్రామంలో ముస్లిం పౌరుల ఊచకోత జరిగింది. ఆ యుద్ధానికి మూలం ఓవెన్ పటమేనని నేను అనను, అంతకుముందు ఏడాదే ఆ రెండు పక్షాల మధ్య ఘర్షణలు మొదలయ్యాయి. అయితే, అమలు చేసే శక్తి చేతిలో లేకుండా పటం ముందుగా బయటపెట్టడం రాయబారి చేసిన పొరపాటే తప్ప వాషింగ్టన్ చేసినది కాదు.

తులాభారం:

సేన లేదన్న సంగతి ఓవెన్‌కు తెలియనిదా? పదవిలోకి రాకముందు, 1992 జులైలో, సెర్బుల మీద వైమానిక చర్య తీసుకోవాలని ప్రధాని జాన్ మేజర్‌కు లేఖ రాసినది ఆయనే. ఆ డిసెంబరులో సరాయెవోలో నిలబడి, పాశ్చాత్య దేశాలు వచ్చి సమస్యను తీరుస్తాయని కలలు కనవద్దని అక్కడి ప్రజలకు చెప్పినదీ ఆయనే. నాలుగైదు నెలల్లో ఇంత దూరం ప్రయాణించిన మనిషి, పాశ్చాత్య బలం వెనుక నిలిస్తే తప్ప అమలు కాని ప్రణాళికను జనవరిలో బల్లమీద పెట్టారు. నా దృష్టిలో ఇది నిస్సహాయత కాదు, తన వాదన సరైనది కనుక మిగతావారు ఎప్పటికైనా దారికి వస్తారన్న పాత నమ్మకం. పార్టీ విషయంలో కూడా ఆయనది అదే ధోరణి.

పాతపేజీలు:

జనవరి నాటికి ఆయన ముందు వేరే దారి ఏముందో కూడా చెప్పాలి కదా. మాజీ యుగోస్లావియా అంతటికీ ఆయుధాలు అమ్మరాదన్న ఐక్యరాజ్య సమితి నిషేధాన్ని తొలగించి ముస్లిం పక్షాన్ని పోరాడనివ్వాలన్న వాదన అమెరికాలో ఉండేది, కాని బోస్నియాలో ఐక్యరాజ్య సమితి టోపీలతో తమ సైనికులను ఉంచిన బ్రిటన్, ఫ్రాన్స్ ప్రభుత్వాలు దానికి అంగీకరించలేదు. 1993 మే నెలలో అమెరికా విదేశాంగ మంత్రి వారెన్ క్రిస్టఫర్ యూరప్ రాజధానులన్నీ తిరిగి ఆ ప్రతిపాదన వినిపించి ఒట్టి చేతులతో వెళ్లారు. అమెరికా సైనికులను పంపదు, యూరప్ ఆయుధాలు ఇవ్వనివ్వదు. ఆ రెంటి మధ్య మిగిలింది కాగితం మాత్రమే, ఓవెన్ చేతిలో ఉన్నదీ అదే. రొడీషియా (ఇప్పటి జింబాబ్వే) సంగతి కూడా గుర్తు చేస్తాను: 1977లో ఆయన అమెరికాతో కలిసి ప్రతిపాదించిన ప్రణాళిక అప్పుడు ఫలించలేదు, 1979లో లండన్‌లోని లాంకాస్టర్ హౌస్‌లో అప్పటి విదేశాంగ మంత్రి లార్డ్ కారింగ్టన్ చేతుల మీదుగా సంతకాలు పడ్డాయి. ఘనత కారింగ్టన్‌దే, కాదనను. కాని స్వేచ్ఛాయుత ఎన్నికలు, పరివర్తన కాలంలో బ్రిటిష్ పాలకుడు అన్న ఆలోచనలు అంతకు రెండేళ్ల ముందే ఆ ప్రణాళికలో ఉన్నాయి.

ఉత్తరపక్షం:

ఇంతసేపూ అందరూ 1993 మే నెల దాకానే మాట్లాడారు. అసలు ప్రశ్న అక్కడి నుంచే మొదలవుతుందని నా ఉద్దేశం.

ప్రణాళిక చచ్చిపోయిందని మే నెలాఖరుకే తేలింది. వాన్స్ అప్పటికే వెళ్లిపోయారు, ఆయన స్థానంలో ఐక్యరాజ్య సమితి తరఫున థోర్వాల్డ్ స్టోల్టెన్‌బర్గ్ వచ్చారు. ఓవెన్ మాత్రం ఉండిపోయారు. ఆ వేసవిలో వారిద్దరూ తెచ్చిన ప్రతిపాదన ఒకే దేశం అన్న సూత్రాన్ని దాదాపు వదిలి, మూడు రిపబ్లిక్‌ల సమాఖ్యను ముందుకు తెచ్చింది. అందులో సగానికి పైగా భూభాగం సెర్బులకు పోతుంది. జనవరిలో ఆయన దేన్ని అడ్డుకోవాలని పటం గీశారో, ఆగస్టులో దాన్నే ఆమోదించమని ఇజెత్‌బేగోవిచ్‌ను ఒప్పించవలసి వచ్చింది. బోస్నియా పార్లమెంటు పెట్టిన షరతుల వల్ల అదీ నిలవలేదు. 1994లో చర్చల పగ్గాలు అమెరికా, రష్యా, బ్రిటన్, ఫ్రాన్స్, జర్మనీల కాంటాక్ట్ గ్రూపు చేతికి పోయాయి. ఓవెన్ ఇంకో ఏడాది ఆ పదవిలోనే కొనసాగారు.

ఇందులో నన్ను ఆశ్చర్యపరిచేది ఒకటుంది. ఆయన జీవితమంతా రాజీనామాల చరిత్ర. యూరప్ విషయంలో పార్టీ విధానం నచ్చక 1972లో ప్రతిపక్ష బాధ్యత వదిలారు, 1981లో లేబర్ పార్టీనే వదిలారు, 1987లో తన పార్టీ నాయకత్వం వదిలారు. తులాభారం గారు దాన్నే దోషంగా చూపించారు. బోస్నియాలో ఆ స్వభావమే అక్కరకు వచ్చి ఉండేది. 1993 మేలో ఆయన తప్పుకొని, ఏ రాజధాని ఏ హామీ ఇవ్వలేదో పేరు పేరునా చెప్పి ఉంటే, చర్చలు నడుస్తున్నాయి కనుక మేము జోక్యం చేసుకోనక్కర లేదు అన్న సాకు లండన్‌కూ ప్యారిస్‌కూ వాషింగ్టన్‌కూ అంత తేలికగా దొరికేది కాదు. ఉండిపోవడానికి ఆయనకు కారణం లేకపోలేదు: మాటలు సాగుతున్నంత కాలం కొన్ని కాల్పుల విరమణలైనా దొరుకుతాయి, సహాయ వాహనాలు కదులుతాయి. ఆ లెక్క 1993లో కొంత సబబే అనుకుందాం. 1994లో కాంటాక్ట్ గ్రూపు వచ్చాక ఆ లెక్క కూడా మిగలలేదు. పాతపేజీలు గారు ఆయనను సమర్థించదలచుకుంటే, ఆ చివరి ఏడాదిని సమర్థించాలి. జనవరి ప్రణాళిక మంచిదే అయినా ఆ పని దానితో కాదు.